మన షేర్ల కంపెనీలు ఏ వాణిజ్య సంఘాల్లో ఉన్నాయి, ఆ సంఘాలు వాతావరణ నిబంధనల మీద ఢిల్లీలో ఏం అడుగుతున్నాయి?

గోదారిగట్టు (పాలకొల్లు)

అందరికీ నమస్కారమండి. ఏజీఎంల (కంపెనీల వార్షిక సర్వసభ్య సమావేశాల) సీజన్ వచ్చింది, వార్షిక నివేదికలు మెయిల్‌లో వరసగా దిగుతున్నాయి. డివిడెండ్ ఎంతో చూసి మూసేసేవాళ్లే ఎక్కువ. ఈసారి నేను వెనక ఉండే బీఆర్‌ఎస్‌ఆర్ (వ్యాపార బాధ్యత, సుస్థిరత నివేదిక) భాగం కూడా చదువుతున్నాను. అందులో ఏడో సూత్రం కింద ఉన్న ఒక పేజీ గురించి అడగాలనే ఈ చర్చ మొదలుపెట్టాను.

ఆ పేజీలో రెండు పట్టికలు ఉంటాయి. మొదటిదాంట్లో వరస సంఖ్య, కంపెనీకి సభ్యత్వం ఉన్న సంఘం పేరు, దాని పరిధి రాష్ట్రమా జాతీయమా అన్నది. పది పేర్లు, ఎదురుగా పదిసార్లు 'జాతీయ'. రెండోది అసలైనది. కంపెనీ ఏ ప్రభుత్వ విధానం కోసం వాదించింది, ఏ పద్ధతిలో, ఆ సమాచారం బయట దొరుకుతుందా, బోర్డు ఎన్నాళ్లకోసారి సమీక్షిస్తుంది, వెబ్ లింక్ ఏది. ఇన్ని గడులకీ కలిపి నా దగ్గరున్న నివేదికలో ఒకటే మాట ఉంది: 'వర్తించదు'.

అదే నివేదిక మొదట్లో నెట్ జీరో ప్రతిజ్ఞ (వదిలే కర్బనం, తొలగించే కర్బనం సమానం చేస్తామన్న మాట), సోలార్ ప్యానెళ్ల ఫొటోలు, చైర్మన్ ఉత్తరంలో 'వాతావరణ మార్పు మన తరం సవాలు' అనే వాక్యం. మరి ఆ పది సంఘాలూ కంపెనీ కట్టిన చందాతో ఢిల్లీలో ఏ నిబంధన కావాలన్నాయి, ఏది వాయిదా వెయ్యమన్నాయి? కంపెనీలో దీన్ని చూసే మనిషి ఒకరైనా ఉన్నారా?

డెల్టాలో కూర్చుని ఇదెందుకు అంటారేమో. శంకరగుప్తం డ్రెయిన్ వెంట వెళ్తే ఉప్పునీటికి తలలు రాలిపోయిన కొబ్బరి చెట్లు వరసలు వరసలుగా కనిపిస్తాయి. ఉప్పాడలో రోడ్డుని సముద్రం ఎన్నిసార్లు కోసుకుపోయిందో ఆ ఊరివాళ్లని అడగండి. మనకంటే ముందు అడగాల్సినవాళ్లు ఎవరున్నారు?

సీఎస్_రాజమండ్రి

మంచి పేజీ పట్టుకున్నారండి. నేను వృత్తిరీత్యా కంపెనీ సెక్రటరీని, నియమం ఏమిటో చెబుతాను.

బాధ్యతాయుతమైన వ్యాపార నడవడి మీద కేంద్రం 2019లో తొమ్మిది సూత్రాలు ప్రకటించింది. ఏడో సూత్రం సారాంశం ఇదీ: ప్రభుత్వ విధానాల మీద ప్రభావం చూపే పని బాధ్యతగా, బహిరంగంగా చెయ్యాలి. వాటిని పట్టుకునే స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2021లో బీఆర్‌ఎస్‌ఆర్ నమూనా తెచ్చింది. మార్కెట్ విలువలో మొదటి వెయ్యి లిస్టెడ్ కంపెనీలకు 2022-23 ఆర్థిక సంవత్సరం నుంచి తప్పనిసరి చేసింది.

అయితే అందులో ప్రశ్నలు రెండు రకాలు. కొన్ని తప్పక జవాబివ్వాల్సినవి, కొన్ని ఇష్టమైతే ఇచ్చేవి. సంఘాల పేర్ల పట్టిక మొదటి రకం. మీరు అసలైనది అన్న రెండో పట్టిక ఇష్టమైతే ఇచ్చేది. అందుకే అక్కడ 'వర్తించదు' అని రాసి ఊరుకుంటారు. చట్టం దృష్టిలో అది తప్పు కాదు.

ఇంకో కిటుకు చాలామంది గమనించరు. ఆ పది సంఘాల్ని ఎలా ఎంచాలంటే, ఏ సంఘంలో సభ్యులు ఎక్కువుంటే అది పైకి వస్తుంది. చందా ఎంత కట్టారన్నది లెక్కలోకి రాదు, ఏ సంఘం విధానాల మీద గట్టిగా పనిచేస్తుందన్నదీ రాదు. దాంతో అందరికీ తెలిసిన పెద్ద చాంబర్లే జాబితా నింపేస్తాయి. ఒక్క రంగానికే పరిమితమై, ఒక్క నిబంధన మీదే ఏళ్ల తరబడి మంత్రిత్వ శాఖల చుట్టూ తిరిగే పాతికమంది సంఘం జాబితాలోంచి జారిపోవచ్చు. వాతావరణ విషయంలో బరువైన పని చేసేవి చాలావరకు ఆ చిన్న సంఘాలే.

ఇక లాబీయింగ్ (ప్రభుత్వ నిర్ణయాల్ని తమవైపు తిప్పుకునే ప్రయత్నం) చేసేవాళ్లు పేరు నమోదు చేసుకోవాలి, ఎవర్ని కలిశారో చెప్పాలి అనే చట్టం మన దేశంలో లేదు. కాబట్టి ప్రస్తుతానికి మనకున్న కిటికీ ఈ పేజీయే.

రొయ్యలరైతు (భీమవరం)

గోదారిగట్టు గారూ, మీమీద గౌరవంతోనే అడుగుతున్నాను. ఏరేటర్ల కరెంటు బిల్లు, మేత ధర, కౌంట్ రేటు, అమెరికా సుంకాలు, వీటితోనే మాకు పొద్దు గడవడం లేదు. ఎక్కడో ముంబైలో ఉండే కంపెనీ ఏ సంఘంలో చేరితే మనకేం ఒరుగుతుంది? ఆ సంఘం ఉత్తరం రాస్తే సముద్రం ముందుకొస్తుందా, రాయకపోతే ఆగుతుందా?

మాస్టారు_అమలాపురం

రైతు గారి ప్రశ్న న్యాయమైనదే. సముద్రం ముందుకు రావడానికి కారణం ఒక్కటే కాదు. ఎగువన కట్టిన ఆనకట్టలు, జలాశయాల్లో ఒండ్రు ఆగిపోతోంది, కొత్త మట్టి రాక డెల్టా కుంగుతోంది. దానికి తోడు సముద్ర మట్టం పెరుగుతోంది. రెండూ నిజమే. డ్రెయిన్లలో పూడిక తియ్యకపోవడం మూడోది. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు మురుగు నీటి బాధ కూడా కారణాల్లో ఉంది.

మూడో దానికి కలెక్టరేట్ ముందు కూర్చోవచ్చు. మొదటిదానికి నీటిపారుదల శాఖని అడగవచ్చు. ఉద్గారాల దగ్గరికొస్తే ఎవరి గుమ్మం ముందు నిలబడాలి? అందుకే నాకు ఈ చర్చ అవసరమనిపిస్తోంది. నిబంధన ఎంత గట్టిగా ఉండాలో, ఎప్పటినుంచి అమలు కావాలో తేలే గదిలో మన ఊరివాడు ఉండడు. సంఘం ప్రతినిధి ఉంటాడు. ఆయన్ని పంపినవాళ్లలో మన షేర్ల కంపెనీ ఉందంటే, మనకి అడిగే దారి ఒకటి దొరికినట్టే.

లంకపిల్ల (హైదరాబాద్, సొంతూరు ముమ్మిడివరం వైపు)

నేను ఒక కంపెనీ ఈఎస్‌జీ (పర్యావరణ, సామాజిక, పాలన వ్యవహారాల) విభాగంలో పనిచేస్తున్నాను. బయటి దేశాల్లో ఇది ఎలా మొదలైందో కొంచెం చెబుతాను, ఇక్కడ పనికొస్తుంది.

1989లో అమెరికాలో గ్లోబల్ క్లైమేట్ కోయలిషన్ అని ఒక కూటమి పుట్టింది. చమురు, బొగ్గు, కార్ల కంపెనీలు, వాటి సంఘాలు అందులో సభ్యులు. ఉద్గారాలకు కళ్లెం వేసే ప్రయత్నాలన్నిటినీ, ముఖ్యంగా ఉద్గారాలు తగ్గించాలన్న అంతర్జాతీయ క్యోటో ఒప్పందాన్ని, ఆ కూటమి ఎదిరించింది. తర్వాత బీపీ, షెల్, ఫోర్డ్ ఒక్కొక్కటీ బయటికొచ్చేశాయి. 2002లో కూటమి మూతపడింది. 2009లో అమెరికా వాణిజ్య చాంబర్ వైఖరి నచ్చక ఆపిల్ దాంట్లోంచి తప్పుకుంది.

ఇవన్నీ విడివిడి ఘటనలు. పద్ధతి అంటూ ఏర్పడింది 2017 తర్వాత. ఆస్ట్రేలియాలో ఏసీసీఆర్ అనే వాటాదారుల బృందం బీహెచ్‌పీ గనుల కంపెనీని నిలదీసింది. దాంతో కంపెనీ తను ఉన్న సంఘాలన్నిటినీ వరసపెట్టి చూసి, ఎక్కడ తన మాటకీ సంఘం మాటకీ తేడా ఉందో రాసి బయటపెట్టింది. 2018లో ప్రపంచ బొగ్గు సంఘం నుంచి తప్పుకుంది. అమెరికా చాంబర్‌లో మాత్రం ఉండిపోయింది. 2019లో షెల్ 19 సంఘాలను సమీక్షించి, తొమ్మిదింటిలో కొంత తేడా ఉందని చెప్పి, అమెరికా రిఫైనరీల సంఘం ఒకదాన్ని వదిలేసింది. 2021 జనవరిలో ఫ్రాన్స్ చమురు కంపెనీ టోటల్ ఏకంగా అమెరికా చమురు కంపెనీల పెద్ద సంఘం అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ నుంచే బయటికి నడిచింది.

అయితే ఇవేవీ యాజమాన్యాలకు తమంతట తాము తట్టినవి కావు. వెనక వాటాదారులున్నారు, పింఛను నిధులున్నాయి. 2020లో అమెరికా చమురు కంపెనీ షెవ్రాన్‌లో వాతావరణ లాబీయింగ్ మీద నివేదిక ఇవ్వాలన్న తీర్మానానికి యాజమాన్యం వద్దన్నా 53 శాతం ఓట్లు పడ్డాయి.

యానాంవాసి

అందరూ ఒకవైపే మాట్లాడుతున్నారు, రెండోవైపు నేను చెబుతాను. నేను ఫ్యాక్టరీలో పనిచేసే మనిషిని.

సంఘం అంటే దొంగతనం కాదండి. చిన్న కంపెనీకి ఢిల్లీలో ఆఫీసు ఉండదు. ముసాయిదా నిబంధన వచ్చిందని కూడా తెలియదు. సంఘం ఉంటేనే మా కష్టం ఎవరికైనా వినపడుతుంది. ఐరోపా సరిహద్దు కర్బన పన్ను, అంటే దిగుమతి సరుకు తయారీలో వెలువడిన కర్బనం మీద పన్ను, చూడండి. సిమెంటు, ఇనుము, అల్యూమినియం, ఎరువుల్లాంటి వాటికి 2023 అక్టోబరు నుంచి లెక్కలు చెప్పమన్నారు, 2026 జనవరి నుంచి అసలు అమలు మొదలైంది. మన పరిశ్రమల సంఘాలు అభ్యంతరం చెప్పాయి, మన ప్రభుత్వమూ చెప్పింది. మొదట పొగ వదిలి బాగుపడ్డవాళ్లు ఇప్పుడు మన సరుకు మీద పన్ను వేస్తే కాదనడం వాతావరణానికి ద్రోహమా? లండన్‌లో కూర్చుని ఎవరో మన కంపెనీల వాతావరణ లాబీయింగ్‌కి ఏ ప్లస్ నుంచి ఎఫ్ వరకు గ్రేడ్లు ఇస్తే మన కంపెనీలు తలదించుకోవాలా?

లంకపిల్ల

యానాంవాసి గారూ, మీరన్న గ్రేడ్లిచ్చే సంస్థ ఇన్‌ఫ్లుయెన్స్‌మ్యాప్. 2015 నుంచి పనిచేస్తోంది. వాళ్ల కొలబద్దని ఒప్పుకోకపోయినా, కంపెనీ ఏ విధానం మీద ఎక్కడ ఏం మాట్లాడిందో ఒకచోట పోగెయ్యడం మేలే చేస్తుంది.

ఐరోపా పన్ను విషయంలో మీతో చాలావరకు ఏకీభవిస్తాను. అభ్యంతరం చెప్పే హక్కు కంపెనీకి ఉంది. నేనడిగేది వేరు. ఆ అభ్యంతరం కంపెనీ పేరుతో, వెబ్‌సైట్‌లో, కారణాలతో సహా ఉందా? బోర్డు చూసి ఒప్పుకున్నదేనా? పెట్టుబడిదారులకి ఒకమాట, మంత్రిత్వ శాఖకి ఇంకోమాట చెప్పకుండా ఉన్నారా? ఈ మూడూ ఉంటే ఆ వాదన నాకు నచ్చకపోయినా గౌరవిస్తాను.

కాకినాడ_పాతకాపు

నేను ఒక వాణిజ్య సంఘం ఆఫీసులో చాలాకాలం పనిచేసి రిటైరయ్యాను. పేరు చెప్పను. వినతిపత్రం ఎలా పుడుతుందో బయటివాళ్లకి తెలియదు కాబట్టి అది రాస్తాను.

ముసాయిదా గెజిట్‌లో వస్తుంది. పర్యావరణ పరిరక్షణ చట్టం కింద వచ్చేవాటికి మామూలుగా 60 రోజుల గడువు. మొదటి నెల ఎవరూ కదలరు. తర్వాత సంఘంలోని పర్యావరణ కమిటీ సమావేశం పెడతారు. కమిటీలో పేర్లు చాలా ఉంటాయి, వచ్చేది నలుగురైదుగురు. ఆ నిబంధన వల్ల ఎవరికి ఎక్కువ ఖర్చు పడుతుందో వాళ్లు తప్పకుండా వస్తారు. దానివల్ల మేలు జరిగేవాళ్లకి, ఏ తేడా లేనివాళ్లకి తీరిక దొరకదు.

ఉత్తరం కన్సల్టెంట్ రాస్తాడు, లేదంటే పెద్ద సభ్య కంపెనీలో ఈ వ్యవహారాలు చూసే మేనేజర్ వర్డ్ ఫైల్ పంపేస్తాడు. పైన మా లెటర్‌హెడ్ పెడతాం. సభ్యులందరికీ మెయిల్ వెళ్తుంది: 'ఎల్లుండి సాయంత్రంలోగా అభ్యంతరాలు తెలపండి, లేనిపక్షంలో సమ్మతిగా భావిస్తాం.' ఆ మెయిల్ కంపెనీలో ఎవరికి చేరుతుందో తెలుసా? సభ్యత్వ ఫారంలో ఎవరి పేరుందో వాళ్లకి. చాలాసార్లు అది ఎప్పుడో రిటైరైన జనరల్ మేనేజర్ పేరు, లేదా చందా చెల్లించే అకౌంట్స్ విభాగం. జవాబు రాదు. ఇక ఉత్తరం మొదటి వాక్యంలో 'దేశవ్యాప్తంగా వందలాది కంపెనీలకు ప్రాతినిధ్యం వహిస్తున్న మా సంఘం' అని రాస్తాం. ఆ వందల్లో నెట్ జీరో ప్రతిజ్ఞ చేసిన కంపెనీలూ ఉంటాయి. వాళ్ల చైర్మన్‌కి ఈ ఉత్తరం సంగతే తెలియదు.

ఇంకో మాట. ఏ ఉత్తరంలోనూ 'ఈ నిబంధన వద్దు' అని ఉండదు. 'స్వాగతిస్తున్నాం' అనే మొదలవుతుంది. ఆ తర్వాత గడువు పెంచమని, దశలవారీగా అమలు చెయ్యమని, ఫలానా సామర్థ్యం కంటే చిన్న యూనిట్లకు మినహాయింపు ఇమ్మని, మూల సంవత్సరం మార్చమని ఉంటుంది. ఒక్కొక్కటీ విడిగా చూస్తే సబబుగానే కనిపిస్తుంది. అన్నీ కలిస్తే నిబంధనలో మిగిలేది పేరే.

థర్మల్ విద్యుత్ కేంద్రాల గంధకం నిబంధనే తీసుకోండి. అది కర్బనం సంగతి కాదు, గాలి కాలుష్యం సంగతి. కానీ నిబంధన ఎలా కరుగుతుందో చూడ్డానికి సరిపోతుంది. 2015 డిసెంబరులో ప్రకటించారు, 2017కల్లా పూర్తవ్వాలన్నారు. 2022కి జరిగింది, మళ్లీ మళ్లీ జరిగింది. 2025 జులైలో ఎక్కువ కేంద్రాలకు పొగలోంచి గంధకాన్ని తీసే యంత్రాలు పెట్టక్కర్లేదనేశారు. పదేళ్లు.

మాస్టారు_అమలాపురం

పాతకాపు గారూ, మీరు రాసింది ప్రింట్ తీసి పెట్టుకున్నాను. ఇన్నాళ్లూ కంపెనీలు కావాలనే రెండు నాలుకలతో మాట్లాడతాయనుకున్నవాళ్లకి, అసలు చూసేవాడే లేక కూడా అలా జరుగుతుందని దీంతో అర్థమవుతుంది. అయితే చూసేవాడు లేకపోవడం కొందరికి సౌకర్యం కూడా అని మరిచిపోకూడదు.

గోదారిగట్టు (పాలకొల్లు)

పాతకాపు గారికి చాలా కృతజ్ఞతలండి. మరి సరిగ్గా చూసుకునే కంపెనీ ఏం చేస్తుంది? లంకపిల్ల గారూ, సీఎస్ గారూ, మీరు చెప్పాలి.

లంకపిల్ల

2022 మార్చిలో వాతావరణ లాబీయింగ్ మీద ఒక అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. స్వీడన్ పింఛను నిధి ఏపీ7, బీఎన్‌పీ పారిబాస్ ఆస్తుల నిర్వహణ విభాగం, ఇంగ్లండ్ చర్చి పింఛను బోర్డు కలిసి తెచ్చాయి. 14 అంశాలున్నాయి, నాకు ముఖ్యమనిపించినవి చెబుతాను.

మా లాబీయింగ్ అంతా పారిస్ ఒప్పందం లక్ష్యాలకి తగ్గట్టే ఉంటుందని కంపెనీ బహిరంగంగా మాటివ్వాలి. ఆ మాట అనుబంధ కంపెనీలకీ, సభ్యత్వమున్న సంఘాలకీ వర్తించాలి. బోర్డులో దీనికి ఒకరు బాధ్యులుగా ఉండాలి, రోజువారీ చూసుకోవడానికి పై స్థాయి అధికారి ఒకరు ఉండాలి. ఏటా సమీక్ష జరిపి బయటపెట్టాలి. సంఘం మాట తేడాగా ఉంటే ఏం చేశారో చెప్పాలి: లోపల ఉండి మార్చడానికి ప్రయత్నించారా, గడువు పెట్టారా, బయటికొచ్చారా.

వెంటనే బయటికి రావడమే గొప్పని నేననను. అడిగే గొంతు పోయాక ఆ సంఘం ఇంకా మొండికేస్తుంది. కానీ 'లోపలుండి మారుస్తున్నాం' అనే మాట ఏటా అదే రాస్తూ, ఏం మారిందో ఒక్క ముక్క చెప్పకపోతే దాన్ని నమ్మడం కష్టం.

మా ఆఫీసులో నేను చూసిన చిక్కు ఏంటంటే, సుస్థిరత నివేదిక మేం రాస్తాం, సంఘాల సమావేశాలకి వేరే విభాగం వెళ్తుంది. రెండు విభాగాలూ ఒకరి ఫైలు ఒకరు చూసుకోరు. మొదట జరగాల్సింది అదే. కమిటీలకి వెళ్లే మనిషి ప్రతి ఉత్తరం కాపీ మాకు పంపాలి, సమ్మతించారో లేదో రాతపూర్వకంగా ఉండాలి, ఏడాది చివర ఆ జాబితా బోర్డు కమిటీ ముందుకెళ్లాలి. దీనికి కోట్లేం ఖర్చవ్వవు.

సీఎస్_రాజమండ్రి

దీనికి నాది ఒక చేర్పు. సంఘం ఉత్తరంలో భిన్నాభిప్రాయాన్ని నమోదు చెయ్యమని సభ్య కంపెనీ అడగవచ్చు. కుదరకపోతే తనే విడిగా మంత్రిత్వ శాఖకి ఉత్తరం రాయవచ్చు. కార్ల రంగంలో ఇది ఈమధ్య బయటపడింది. 2027 ఏప్రిల్ నుంచి రావాల్సిన ఇంధన సామర్థ్య నిబంధనల్లో చిన్న కార్లకు సడలింపు ఇవ్వాలా వద్దా అన్నదాని మీద ఒకే సంఘంలోని కంపెనీలు రెండుగా చీలి, ఎవరి వాదన వాళ్లు వినిపించాయి. అలా బయటికి చెప్పుకుంటే వాటాదారుడికి మేలు. ఎవరు ఏ పక్షమో తెలుస్తుంది.

యానాంవాసి

పద్ధతి బాగుంది, కాదనను. కొలబద్ద మాటే తేలలేదు. మన దేశం 2070కి నెట్ జీరో అంది. ఆ పెట్టుబడిదారుల ప్రమాణమేమో భూమి వేడి పెరుగుదల ఒకటిన్నర డిగ్రీ దాటకూడదంటోంది. రెండూ ఒకటి కాదు. సంఘం మాట తేడాగా ఉందా లేదా అన్నది దేనితో కొలుస్తారు?

మాస్టారు_అమలాపురం

బాగా అడిగారు. నా ఆలోచన చెబుతాను, ఒప్పుకోవాలనేం లేదు.

దేశం ఇచ్చిన మాటలున్నాయి. 2005తో పోలిస్తే 2030కల్లా జీడీపీలో ఉద్గారాల తీవ్రత (ఒక్కో రూపాయి ఉత్పత్తికి వెలువడేవి) 45 శాతం తగ్గిస్తామని, స్థాపిత విద్యుత్ సామర్థ్యంలో సగం శిలాజేతరంగా (బొగ్గు, గ్యాస్, చమురు కానిదిగా) ఉంటుందని, 2070కి నెట్ జీరో అని. అవి కనీసం. కంపెనీ అంతకంటే ముందు చేస్తానని తనంతట తాను అంటే, అప్పుడు కొలబద్ద కంపెనీ సొంత మాటే. మన తీరంలో గ్యాస్ తీసే రెండు పెద్ద కంపెనీల్లో ఓఎన్‌జీసీ తన సొంత కార్యకలాపాల వరకు 2038 అంది, రిలయన్స్ 2035 అంది. ఎవరూ బలవంతపెట్టలేదు. ఇలా మాటిచ్చిన ఏ కంపెనీనైనా, నీ సంఘం ఆ మాటకి అడ్డుపడే కోరిక ఏదైనా కోరిందా అని అడగడానికి లండన్ కొలబద్ద అక్కర్లేదు, దాని వార్షిక నివేదిక చాలు.

యానాంవాసి

ఇది నాకు సమ్మతమేనండి. అయితే ఏ మాటా ఇవ్వని కంపెనీ తప్పించుకుపోతుంది, ఇచ్చినవాడే ఇరుక్కుంటాడు. అదొక్కటీ ఆలోచించండి.

రొయ్యలరైతు (భీమవరం)

రెండ్రోజులుగా చదువుతున్నాను. పాతకాపు గారి మెయిల్ సంగతి చదివాక మా సొసైటీ గుర్తొచ్చింది.

చెరువు నీళ్లు డ్రెయిన్‌లోకి వదిలే ముందు కొంతసేపు నిలవబెట్టి తేర్చే గుంట ఉండాలనే షరతు మీద మా ప్రాంతంలో ఒక సొసైటీ అధికారులకి వినతిపత్రం ఇచ్చింది. అది సడలించమని. 'సభ్యులందరి ఏకాభిప్రాయం' అని రాశారు. నేను సభ్యుణ్ణి, నన్నెవరూ అడగలేదు. నాకు ఆ గుంట ఉంది, మా చెరువు పక్కన చేను మా బాబాయిది. ఉప్పు నీళ్లు అటెళ్తే ఆయన నారుమడి మాడిపోతుంది. ఆ కాగితం మీద నా పేరు కూడా ఉన్నట్టే కదా. బాబాయి అడిగితే ఏం చెప్పాలి?

కాబట్టి ముంబై కంపెనీ సంగతి ఎలా ఉన్నా, ఈ నెల మీటింగులో రెండు విషయాలు పెడుతున్నాను. ఏ వినతిపత్రమైనా ఇచ్చే ముందు వాట్సాప్ గ్రూపులో పూర్తి పాఠం పెట్టాలి. ఒప్పుకోనివాళ్ల పేర్లు మినిట్స్‌లో రాయాలి. గోదారిగట్టు గారూ, మీ ప్రశ్న కంపెనీకి పంపండి. నేనూ నాలుగు షేర్లు కొని సంతకం పెడతాను.

గోదారిగట్టు (పాలకొల్లు)

సంతోషమండి. ఏజీఎంకి పంపాలనుకుంటున్న ప్రశ్న ఇది, దిద్దండి.

'మన కంపెనీ బీఆర్‌ఎస్‌ఆర్‌లో పేర్కొన్న వాణిజ్య సంఘాలు, అలాగే జాబితాలో లేకపోయినా మన రంగానికి చెందిన సంఘాలు, గత రెండేళ్లలో కర్బన మార్కెట్, ఇంధనం, ఉద్గారాలు, తీరప్రాంత నిబంధనల మీద ప్రభుత్వానికి సమర్పించిన అభిప్రాయాలు మన నెట్ జీరో లక్ష్యానికి అనుగుణంగా ఉన్నాయా? దీన్ని బోర్డులో ఏ కమిటీ, ఏ డైరెక్టర్ చూస్తున్నారు? చివరిసారి ఎప్పుడు సమీక్షించారు? తేడా కనిపించిన సందర్భంలో కంపెనీ ఏం చేసింది? ఈ సంఘాలకు మొత్తం ఎంత చందా చెల్లించారు? ఏడో సూత్రం కింద ఐచ్ఛిక పట్టికను వచ్చే ఏడాది నింపుతారా?'

సీఎస్_రాజమండ్రి

బాగుందండి. ఒకటే మార్పు: 'గత రెండేళ్లలో' అనే బదులు ఒక నిబంధన పేరు పెట్టండి. విశాలంగా అడిగితే విశాలమైన జవాబే వస్తుంది. 2025 అక్టోబరులో అల్యూమినియం, సిమెంటు, క్లోర్-ఆల్కలీ, కాగితం రంగాలకు ఉద్గారాల తీవ్రత లక్ష్యాల నియమాలు వచ్చాయి. మీ కంపెనీ ఆ రంగాల్లో ఉంటే, ముసాయిదా దశలో సంఘం ఏం అడిగింది, కంపెనీ దానికి సమ్మతించిందా అని అడగండి. తప్పించుకోవడం కష్టం.

పద్ధతి ఇది. ఏజీఎం నోటీసు కనీసం 21 రోజుల ముందు వస్తుంది. అందులో వక్తగా నమోదు చేసుకునే గడువు, మెయిల్ చిరునామా ఉంటాయి. డీమ్యాట్ వివరాలతో నమోదు చేసుకుని, ప్రశ్న ముందే రాతపూర్వకంగా పంపండి. మీటింగులో టైమ్ ఇవ్వకపోయినా మీ ప్రశ్న రికార్డులో ఉంటుంది.

షెవ్రాన్ తరహా తీర్మానం మాత్రం మనకి అందదు. అమెరికాలో రెండు వేల డాలర్ల షేర్లు మూడేళ్లు అట్టేపెట్టుకుంటే తీర్మానం ప్రతిపాదించవచ్చు. ఇక్కడ కంపెనీల చట్టం ప్రకారం పదో వంతు ఓటు హక్కు ఉండాలి. అది మామూలు మనుషులకి అయ్యే పని కాదు. అందుకే పెద్ద వాటాదారుల్ని కదపాలి. మ్యూచువల్ ఫండ్లు తమ ఓట్లు ఎటు వేశాయో బయటపెట్టాలని సెబీ నియమం ఉంది. మీ సిప్ ఏ ఫండ్‌లో ఉందో ఆ ఫండ్‌కీ ఇదే ప్రశ్న పంపండి.

మాస్టారు_అమలాపురం

ఎల్‌ఐసీని మరవకండి. దేశంలో షేర్లలో మదుపు చేసే స్వదేశీ సంస్థల్లో అతి పెద్దది అదే. డెల్టాలో పాలసీ లేని ఇల్లు దొరకడం కష్టం. పాలసీదారుడిగా రాసే ఉత్తరానికి రూపాయి ఖర్చు లేదు. నేను పంపుతాను, ఇంకో పదిమంది చేత పంపిస్తాను.

కాకినాడ_పాతకాపు

ఆర్‌టీఐ కూడా వాడండి. సంఘం ఉత్తరం సంఘం ఇవ్వదు, కంపెనీ ఇవ్వదు, కానీ అది చేరింది మంత్రిత్వ శాఖకి. పది రూపాయల ఫీజుతో 'ఫలానా తేదీ ముసాయిదాపై పరిశ్రమ సంఘాల నుంచి అందిన అభ్యంతరాల ప్రతులు' అని అడగండి. మూడో పక్షం సమాచారం అంటూ సంఘాన్ని అడుగుతారు, ఆలస్యమవుతుంది. అప్పీలుకి వెళ్లండి. ముసాయిదా తేదీ, గెజిట్ నంబరు తప్పక రాయండి, లేకపోతే 'నిర్దిష్టంగా లేదు' అని తిప్పి పంపుతారు.

కొత్తపేట_కుర్రాడు

కొత్త సభ్యుణ్ణండి. మా నాన్నగారి షేర్లున్న కంపెనీ నివేదికలో సంఘాలు మూడే చూపించారు. ఆ కంపెనీకి అనుబంధ కంపెనీలు చాలా ఉన్నాయి. వాటి సభ్యత్వాలు చూపించక్కర్లేదా?

సీఎస్_రాజమండ్రి

బీఆర్‌ఎస్‌ఆర్ మొదటి భాగంలో 'నివేదిక పరిధి' అని ఒక గడి ఉంటుంది బాబూ. అక్కడ స్టాండలోన్ (ఆ కంపెనీ ఒక్కటే) అని రాశారో కన్సాలిడేటెడ్ (అనుబంధ కంపెనీలతో కలిపి) అని రాశారో చూడు. స్టాండలోన్ అయితే అనుబంధ కంపెనీల సభ్యత్వాలు అందులో రావు. అప్పుడు మీ ప్రశ్నలో 'అనుబంధ కంపెనీలతో సహా' అని ఒక మాట చేర్చి పంపండి. గోదారిగట్టు గారూ, మీ ప్రశ్నలోనూ ఆ మాట చేర్చండి.

గోదారిగట్టు (పాలకొల్లు)

చేర్చానండి. మా కంపెనీదీ స్టాండలోనే. వక్తల నమోదుకి ఇంకా గడువుంది, ఈ రాత్రే పంపేస్తున్నాను. భీమవరం రైతు గారు షేర్లు కొంటే ఆలస్యం చెయ్యొద్దు, ఓటు హక్కుకి కటాఫ్ తేదీ నోటీసులోనే ఉంటుంది.